ఎవరినీ బయటికి పంపని ఆటలు: చిన్నపిల్లల వేడుకల్లో ఏం ఆడించాలి?

పుట్టినరోజుకు పిల్లలను పిలిచిన ప్రతి ఇంట్లోనూ వచ్చే ప్రశ్న ఒకటుంది. కేకు కోయడం అయింది, భోజనాలకు ఇంకా గంట టైముంది, హాలు నిండా పిల్లలున్నారు. వాళ్ళచేత ఏం ఆడించాలి? పట్నాల్లోనే కాదు, ఇప్పుడు చిన్న ఊళ్ళలో కూడా దీనికి ఈవెంట్లవాళ్ళ దగ్గర తయారుగా ఒక జాబితా ఉంటోంది: మైకు పట్టుకున్న యాంకర్, మ్యూజికల్ చైర్స్, పాసింగ్ ది పార్సిల్, చెంచాలో నిమ్మకాయ పరుగు, మేజిక్ షో, చివర రిటర్న్ గిఫ్టులు. పిల్లల మనసును చదివినవాళ్ళు గత తొంభై ఏళ్ళుగా చెబుతున్నది మరొకటి. మన అమ్మమ్మలూ నాయనమ్మలూ వీధుల్లో, అరుగుల మీద ఆడిన ఆటలు చెప్పేది ఇంకొకటి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడడం ఈ వ్యాసం పని. రెండేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఉన్న పిల్లల వరకే మాట్లాడుకుందాం. ఆ పై వయసువాళ్ళు తమ ఆటలు తామే ఎంచుకోగలరు.

అన్నీ చూశాక నాకు తేలింది ముందే చెబుతాను. ఈ వయసువాళ్ళ వేడుకలో ఒక ఆట పనికొస్తుందా లేదా అని తేల్చడానికి ఒకే పరీక్ష చాలు: ఆట ముగిసేసరికి ఎంతమంది పిల్లలు ఇంకా ఆటలో ఉన్నారు? ఇవాళ మన వేడుకల్లో నడిచే ఆటల్లో చాలావాటికి ఈ పరీక్షలో సున్నా వస్తుంది. మనం వదిలేసిన ఆటలు చాలావరకు నెగ్గుతాయి. ఇది పాతకాలం మీద మమకారంతో అంటున్న మాట కాదు. ఆ ఆటలను అల్లిన తీరులోనే కారణం ఉంది.

వేడుకలోకి ఆట ఎలా వచ్చింది

తెలుగువాళ్ళకు పిల్లల వేడుకలు కొత్త కాదు. భోగి సాయంత్రం పసిపిల్లలను పీట మీద కూర్చోబెట్టి, రేగుపళ్ళు, పూలరేకలు, చిల్లర నాణేలు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు కలిపి తలమీదుగా పోస్తారు. కిందపడ్డ డబ్బులు ఏరుకోవడానికి చుట్టూ ఉన్న పిల్లలంతా ఎగబడతారు. తెలంగాణలో బతుకమ్మకు ముందు పెళ్ళికాని ఆడపిల్లలు మట్టితో బొడ్డెమ్మను చేసుకుని చుట్టూ తిరిగి ఆడతారు. అట్లతద్దికి తెల్లవారకముందే లేచి అన్నాలు తిని ఉయ్యాలలూగుతారు. దసరాకు బడిపిల్లలు గిలకలు పట్టుకుని పంతులుగారి వెంట ఇంటింటికీ తిరిగి పప్పుబెల్లాలు పుచ్చుకోవడం ఒకప్పటి సరదా. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలను పక్కనపెట్టి జనం తిండి, బట్ట, వినోదాలు రాసినప్పుడు ఆటలకూ చోటిచ్చారు. ఒక జాతి ఎలా బతికిందో దాని ఆటలూ చెబుతాయని ఆయనకు తెలుసు.

పుట్టినరోజు మాత్రం నిన్నమొన్నటి వరకు తలంటు, కొత్తబట్టలు, పాయసం, గుడి, బడిలో చాక్లెట్లు పంచడం, అంతే. ఆట అందులో భాగం కాదు. పిల్లలు కొత్తబట్టలతోనే వీధిలోకి పోయి రోజూ ఆడే ఆటే ఆడుకునేవాళ్ళు. ఆ వీధి ఆటకు రెండు ఆధారాలుండేవి. ఒకటి, పిల్లలందరికీ ఒకరినొకరు తెలుసు. రెండు, పదేళ్ళ అక్క దగ్గర్నుంచి మూడేళ్ళ తమ్ముడి దాకా అన్ని వయసులవాళ్ళూ ఉంటారు. పెద్దపిల్లలే చిన్నవాళ్ళకు ఆట నేర్పుతారు. నేటి వేడుకలో ఆ రెండూ లేవు. బడి నుంచి వచ్చినవాళ్ళు, నాన్న ఆఫీసువాళ్ళ పిల్లలు, అపార్ట్‌మెంటు పిల్లలు, చుట్టాల పిల్లలు ఒక్కచోట చేరతారు. సగంమందికి మిగతా సగం పేర్లు తెలియవు. చాలామంది ఒకే ఈడువాళ్ళు కాబట్టి నేర్పే అక్క ఉండదు. అందుకే పెద్దవాళ్ళు పూనుకోక తప్పడం లేదు. యాంకర్ వచ్చి నిలబడింది ఆ అక్క ఖాళీ చేసిన చోటులోనే. ఆ చోటులో ఎవరు నిలబడినా అక్క చేసిన పని చేయగలగాలి.

వయసు ఏం చెబుతుంది

ఆటను వయసుతో ముడిపెట్టి చూసిన రెండు ముఖ్యమైన రచనలు 1932లోనే వచ్చాయి. అమెరికాలో మిల్డ్రెడ్ పార్టెన్ నర్సరీ పిల్లలను గమనించి, వాళ్ళు ఇతరులతో కలిసే తీరులో మెట్లను గుర్తించింది. ఊరికే ఉండడం, ఒంటరిగా ఆడుకోవడం, పక్కన నిలబడి చూడడం, ఒకరి పక్కన ఒకరు ఎవరి ఆట వాళ్ళు ఆడుకోవడం, కొంత కలవడం, చివరకు ఒకే ఆటను పంచుకుని ఆడడం. ఇందులో వేడుక చేసేవాళ్ళు గుర్తుంచుకోవలసింది మూడో మెట్టు. అమ్మ ఒళ్ళో కూర్చుని కళ్ళప్పగించి చూస్తున్న మూడేళ్ళ పాప ఆటలో లేనట్టు కాదు. చూడడం కూడా ఆ వయసులో ఆడడమే. “వెళ్ళమ్మా, వెళ్ళి ఆడు, అందరూ ఆడుతున్నారు కదా” అని తోయడం వల్ల ఆ చూపు కూడా ఆగిపోతుంది, ఏడుపు మొదలవుతుంది.

అదే ఏడు స్విట్జర్లాండ్‌లో జాన్ పియాజే పిల్లల నీతిబుద్ధి గురించి రాసిన పుస్తకం గోళీలాటతో మొదలైంది. అయిదారేళ్ళలోపు పిల్లలు పెద్దవాళ్ళ నియమాలను అనుకరిస్తారే గాని, ఎవరికి వాళ్ళే ఆడుకుంటారని, ఆఖర్న అందరూ గెలిచామనుకుంటారని ఆయన గమనించాడు. ఏడెనిమిదేళ్ళ దగ్గర ఒకరిమీద ఒకరు గెలవాలన్న కోరిక, దానికోసం ఒకే నియమానికి కట్టుబడాలన్న ఒప్పందం వస్తాయి. నియమాలను కూర్చుని చర్చించి తేల్చుకోవడం పదకొండు పన్నెండేళ్ళ ముచ్చట.

ఈ రెండింటినీ కలిపి చూస్తే వేడుకకు కావలసిన లెక్క దొరుకుతుంది. రెండు మూడేళ్ళవాళ్ళకు నియమాలున్న ఆట వద్దు. నీళ్ళ తొట్టి, ఇసుక, పిండిముద్ద, బుడగలు ఊదడం, అట్టపెట్టెలు చాలు. పెద్దవాళ్ళు ఒకరు ఎదురుగా కూర్చుంటే గుడుగుడుకుంచం, కాళ్ళాగజ్జ లాంటి ఒంటిని ముట్టుకుంటూ ఆడే ఆటలు బాగుంటాయి. నాలుగైదేళ్ళవాళ్ళకు ఒకే ఒక్క నియమం ఉన్న ఆట కావాలి. పాట ఆగితే ఆగు, పేరు పిలిస్తే రా, నేల మీద ఉంటే పట్టుకుంటారు, ఇలా. ఆరు నుంచి ఎనిమిదేళ్ళవాళ్ళకు జట్లు, గెలుపు, చీటీలు, వెతుకులాట అన్నీ రుచిస్తాయి. మన వేడుకల్లో జరుగుతున్నది ఏమిటంటే, ఎనిమిదేళ్ళవాళ్ళ ఆటను నాలుగేళ్ళవాళ్ళ మీద రుద్దుతున్నాం.

కుర్చీలాట, స్తంభాలాట

మ్యూజికల్ చైర్స్ లెక్క అందరికీ తెలుసు: పిల్లలకన్నా కుర్చీ ఒకటి తక్కువ. పాట ఆగగానే కుర్చీ దొరకనివాళ్ళు ఔట్. ఒక కుర్చీ తీసేస్తారు, మళ్ళీ పాట. ఇరవైమందితో మొదలైతే చివరికి ఒకరు మిగులుతారు. మొదట ఔటయ్యేది ఎవరు? అందరికన్నా చిన్నవాళ్ళు, మెతకవాళ్ళు, బిడియపడేవాళ్ళు, అప్పుడే వచ్చి ఇంకా ఎవరితోనూ కలవనివాళ్ళు. అంటే ఆట ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే అందరికన్నా తక్కువ దొరుకుతుంది. ఔటైనవాళ్ళు గోడవారన కూర్చోవాలి. నాలుగేళ్ళవాళ్ళకు పావుగంట కూర్చోవడం చాలా పెద్ద శిక్ష. అక్కడే తోపులాట మొదలవుతుంది, అక్కడే “ఇంటికెళ్దాం” వస్తుంది.

ఇప్పుడు మన నాలుగు స్తంభాలాట చూడండి. అందులోనూ లెక్క అదే. నాలుగు స్తంభాలు, అయిదుగురు పిల్లలు. చోటు ఒకటి తక్కువ. నలుగురూ స్తంభాలు మారుతుంటే మధ్యలో ఉన్న దొంగ ఖాళీ అయిన స్తంభాన్ని పట్టుకోవాలి. చోటు పోగొట్టుకున్నవాళ్ళు బయటికి పోరు, దొంగ అవుతారు. దొంగ అంటే ఆట మొత్తానికీ నడిబొడ్డు. అందరి కళ్ళూ వాళ్ళమీదే. ఓడినవాళ్ళకే ఎక్కువ ఆట. స్తంభం ఏదీ తగ్గదు, పిల్లలెవరూ తగ్గరు, అలసిపోయి ఆపేదాకా ఆట సాగుతుంది. ఒకే లెక్క మీద కట్టిన రెండు ఆటలు, ఓడినవాళ్ళను ఏం చేయాలన్న దగ్గర పూర్తిగా విడిపోయాయి.

ఇది ఈ ఒక్క ఆట విశేషం కాదు. దాగుడుమూతల్లో దొరికినవాళ్ళు దొంగ అవుతారు. నేలాబండాలో, కుంటుడాటలో, కోతికొమ్మచ్చిలో అంతే. వీరీవీరీ గుమ్మడిపండులో కళ్ళు మూసుకున్నవాళ్ళు ఎదుట ఉన్నదెవరో కనిపెడితే చోట్లు మారతాయి. తొక్కుడుబిళ్ళలో గీత తొక్కితే వంతు పోతుంది గాని, అది మళ్ళీ వస్తుంది. ఎవరు దొంగో తేల్చడానికి అరచేతులు తిప్పి పంటలు వేసుకోవడం కూడా బలంతో, తెలివితో సంబంధం లేని పద్ధతి. చిన్నవాళ్ళకు మరో ఏర్పాటు ఉంది. పెద్దపిల్లలు ఆడేచోట మూడేళ్ళవాళ్ళను ‘ఆటలో అరటిపండు’గా చేర్చుకుంటారు. వాళ్ళు పరుగెత్తవచ్చు, దాక్కోవచ్చు, పట్టుకున్నా దొంగ కానక్కర్లేదు. నియమం ఇంకా అందని పిల్లను ఆట నుంచి తీసేయకుండా, ఆ పిల్లకోసం నియమాన్నే సడలించారు. పిల్లలే పిల్లలకోసం కనిపెట్టుకున్న ఇంత చక్కటి ఏర్పాటు నేటి ప్లేస్కూళ్ళు కూడా నేర్చుకోదగ్గది.

వీధి ఆటలు ఇలా ఉండడం మన ఒక్కరి సొత్తూ కాదు. అయోనా, పీటర్ ఓపీ దంపతులు బ్రిటన్‌లో వేలాదిమంది పిల్లల నుంచి సేకరించి 1969లో ప్రచురించిన వీధి ఆటల పుస్తకంలో ఇదే గమనించారు. పిల్లలు తమంతట తాము ఆడుకునేటప్పుడు అంపైర్ అక్కర్లేదు, పాయింట్ల లెక్క అక్కర్లేదు, బహుమతి అక్కర్లేదు. ఎవరు గెలిచారన్నది పెద్ద విషయం కాదు, ఆట మధ్యలో ఆగినా బెంగ లేదు. పెద్దవాళ్ళు నడిపే ఆటలోకి మాత్రం ఇవన్నీ ఒక్కసారిగా వచ్చి కూర్చుంటాయి.

ఓడిపోవడం నేర్చుకోవద్దా?

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. బతుకులో గెలుపోటములుంటాయి, పసితనంలోనే ఓటమి అలవాటు కావాలి అంటారు. నిజమే, అలవాటు కావాలి. అయితే ఓడినవాళ్ళు మళ్ళీ ప్రయత్నించే వీలుంటేనే ఓటమి ఏమైనా నేర్పుతుంది. దొంగగా మారిన పిల్ల రెండు నిమిషాల్లో మరొకరిని పట్టుకుంటుంది. ఓడడం, తేరుకోవడం రెండూ ఆమెకు అనుభవానికొస్తాయి. గోడవారన కూర్చున్న పిల్లకు మొదటిదే దొరికింది.

పరిశోధన కూడా ఈ వైపే మొగ్గుతోంది. అమెరికాలో 1994లో బే-హినిట్జ్, ఆమె సహచరులు నాలుగైదేళ్ళ పిల్లలు 70 మందిని గమనించి ఒక అధ్యయనం ప్రచురించారు. పోటీ ఆటలు ఆడించిన రోజుల్లో పిల్లల దూకుడు పెరిగి, సహకారం తగ్గింది. కలిసి సాధించే ఆటలు ఆడించినప్పుడు అది తలకిందులైంది. ఆట తర్వాత పిల్లలు తమంతట తాము ఆడుకునే సమయంలోనూ ఆ తేడా కనిపించింది. ఇది చిన్న అధ్యయనమే, బడిలో జరిగింది, పుట్టినరోజు వేడుకలో కాదు. అయినా ఏ అమ్మను అడిగినా చెప్పే సంగతికి ఇది దగ్గరగా ఉంది.

కుర్చీలాటే కావాలనుకునేవాళ్ళకు దారి ఉంది. కెనడాకు చెందిన టెర్రీ ఆర్లిక్ 1978లో తెచ్చిన సహకార ఆటల పుస్తకంలో దాని మార్పు ఉంది. పాట ఆగినప్పుడల్లా కుర్చీ తగ్గుతుంది, పిల్లలు తగ్గరు. ఉన్న కుర్చీల మీదే అందరూ సర్దుకోవాలి. ఒకరి ఒళ్ళో ఒకరు, ఒక కాలు ఆనించి ఇంకొకరు. ఆఖరి కుర్చీ దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకటే కుప్ప. చిన్నపిల్లలకు కుర్చీల బదులు దుప్పట్లు పరిస్తే దెబ్బలు తగలవు. ఏడెనిమిదేళ్ళవాళ్ళకు పోటీ ఇష్టం కాబట్టి ఏడుపెంకులాట లాంటి జట్టు ఆటలు పెట్టవచ్చు. అక్కడ ఓడేది జట్టు, ఒక పిల్ల కాదు.

మన పాత ఆటల్లో లోపాలూ ఉన్నాయి. ఆడపిల్లల ఆటలు, మగపిల్లల ఆటలు అని గీత గీసి ఉండేది. ఎవరితో ఆడాలో ఎవరితో ఆడకూడదో కులం చెప్పేది. నెమ్మదిగా పరుగెత్తే పిల్లను పదేపదే దొంగను చేసి ఏడిపించడమూ ఉండేది. ఈ ఆటలను వేడుకలోకి తెచ్చేటప్పుడు ఆ గీతలు తెచ్చుకోకూడదు. ఎవరైనా రెండుసార్లు వరుసగా దొంగైతే నడిపించే పెద్దవాళ్ళే “ఇప్పుడు నేను దొంగ” అని ముందుకు రావాలి.

బహుమతి చేసే పని

ప్రతి ఆటకూ గెలిచినవాళ్ళకు బహుమతి అన్నది మరో అలవాటు. దీనిమీద బాగా పేరున్న ప్రయోగం 1973లో లెపర్, గ్రీన్, నిస్‌బెట్ ప్రచురించారు. బొమ్మలు గీయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లల్లో కొందరికి, గీస్తే మంచి ప్రశంసాపత్రం ఇస్తామని ముందే ఆశపెట్టారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ముందే ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్ళు గీసినదాంట్లో దాదాపు సగం సమయమే బొమ్మలు గీశారు. ఇష్టంగా చేసే పని కూలికి చేసే పనిగా మారింది. ఆట అంటే అసలే ఇష్టమున్న పిల్లకు బహుమతి చూపించడమూ ఇదే పని చేస్తుంది.

పంచాలనుకుంటే అందరికీ ఒకేలా, ముందు చెప్పకుండా, వెళ్ళేటప్పుడు ఇవ్వండి. మన దగ్గరే చక్కటి వస్తువులున్నాయి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, సహజ రంగుల లక్కతో చేసే బొంగరాలు, లక్కపిడతలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక లక్కపిడతల పెట్టె ఇస్తే పిల్లలు ఇంటికి వెళ్ళి నెలల తరబడి గుజ్జనగూళ్ళు ఆడుకుంటారు. మరునాటికే విరిగిపోయే ప్లాస్టిక్ బొమ్మ ఆ పని చేయలేదు.

చాక్లెట్లు నింపి నెత్తిమీద పగలగొట్టే ‘ఖోయీ బ్యాగ్’ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కింద పడ్డవి ఏరుకునే సరదా భోగిపళ్ళలోనూ ఉంది. అయితే అక్కడ ఏరుకోవడం అయ్యాక పెద్దవాళ్ళు శనగలు, పళ్ళు అందరికీ పంచిపెడతారు. ఏరుకోలేని పిల్ల చేయి కూడా ఖాళీగా పోదు. బ్యాగ్ పగలగొట్టే ఇంట్లోనూ తర్వాత అందరి చాక్లెట్లూ ఒక పళ్ళెంలో పోసి సమంగా పంచితే గొడవ ఉండదు.

పాట, తాళం, ఆగడం

చిన్నపిల్లల వేడుకలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చేవి కలిసి పాడుతూ ఆడే ఆటలు. జర్మనీలో కిర్ష్‌నర్, టొమసెల్లో 2010లో ప్రచురించిన ప్రయోగంలో నాలుగేళ్ళ పిల్లలు 96 మంది పాల్గొన్నారు. జంటలుగా కలిసి పాడుతూ, తాళం వేస్తూ ఆడిన పిల్లలు ఆ తర్వాత ఒకరికొకరు సాయం చేసుకోవడంలో, కలిసి పనిచేయడంలో ముందున్నారు. అదే ఆట పాట లేకుండా ఆడినవాళ్ళలో అంత కనిపించలేదు. ఒకరినొకరు ఎరగని పిల్లలు చేరిన హాలులో ఇంతకన్నా అవసరమైనది ఏముంది? చెమ్మచెక్కలో ఎదుటివాళ్ళ అరచేతితో మన అరచేయి కలవాలి. ఒప్పులకుప్పలో ఎదుటి పిల్ల చేతులు గట్టిగా పట్టుకుంటుందన్న నమ్మకంతోనే వెనక్కి వాలి గిరగిరా తిరగగలం. పేరు తెలియని ఇద్దరు పిల్లలను స్నేహితులను చేయడానికి ఒప్పులకుప్ప రెండు చుట్లు చాలు. కాస్త పెద్దవాళ్ళకు చిన్న కర్రలతో కోలాటం నేర్పవచ్చు.

‘ఆగే’ ఆటల విలువ వేరు. స్టాచ్యూ, పాట ఆగితే బొమ్మలా నిలబడడం, తల ముట్టుకోమంటే కాళ్ళు ముట్టుకోవడం లాంటివి పిల్లలు తమను తాము అదుపు చేసుకోవడం నేర్చుకునే సాధనాలు. అమెరికాలో మేగన్ మెక్లెలాండ్, ఆమె తోటి పరిశోధకులు ఇలాంటి ఆటలను బడికి ముందు వయసు పిల్లలతో క్రమంగా ఆడించి చూశారు. మొదట్లో అదుపు తక్కువగా ఉన్న పిల్లలకే ఎక్కువ మేలు జరిగినట్టు కనుగొన్నారు. వేడుకలో వీటిని ఆడించేటప్పుడు కదిలినవాళ్ళను ఔట్ చేయకుండా, “నవ్వినవాళ్ళు ఒకసారి గిర్రున తిరిగి మళ్ళీ చేరండి” అంటే సరిపోతుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళకు ఇందులో ఇంకో లాభముంది. రేగుపళ్ళు దొరకని చోట క్రాన్‌బెర్రీలు, చాక్లెట్లు కలిపి భోగిపళ్ళు పోస్తున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ రోజు అమ్మమ్మ చేత చెమ్మచెక్క ఆడిస్తే, తెలుగు రాని మనవరాలి నోట నాలుగు తెలుగు మాటలు తాళంతో సహా నిలుస్తాయి.

తీపి, మైకు, వేషాలు

వేడుకలో పిల్లలు అదుపు తప్పితే తప్పు కేకు మీదికి, చాక్లెట్ల మీదికి నెడతాం. 1995లో వోల్‌రైచ్ బృందం 23 అధ్యయనాలను కలిపి చూసి, చక్కెర వల్ల పిల్లల ప్రవర్తన మారదని తేల్చింది. అంతకు ఏడాది ముందు హూవర్, మిలిచ్ చేసిన ప్రయోగం మరీ ఆలోచింపజేస్తుంది. అయిదు నుంచి ఏడేళ్ళ మగపిల్లలకు చక్కెర లేని పానీయమే ఇచ్చి, తల్లుల్లో కొందరికి చక్కెర ఇచ్చామని చెప్పారు. ఆ తల్లులకు తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేస్తున్నట్టు కనిపించింది. పళ్ళు పుచ్చకుండా, ఒళ్ళు పెరగకుండా తీపి తగ్గించడం మంచిదే. అల్లరికి అసలు కారణాలు మాత్రం వేరు: నిద్ర టైములో వేడుక, కిక్కిరిసిన హాలు, చెవులు దిమ్మెక్కించే స్పీకర్లు, ఆకలితో ఎదురుచూపు, ఏం చేయాలో తెలియని ఖాళీ సమయం.

ఇక మైకు సంగతి. అందరి ముందూ పిలిచి “ఒక రైమ్ చెప్పమ్మా” అనడం కొందరు పిల్లలకు పండగ, ఎందరికో పరీక్ష. పిల్లలకు మైకు ఎలా ఇవ్వాలో మనకు తెలియనిది కాదు. 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియోలో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల చేతే ఆటలు, పాటలు, నాటికలు నడిపించారు. వేడుకలోనూ ఇష్టమున్నవాళ్ళకు మైకు ఇద్దాం, లేనివాళ్ళను బతిమాలొద్దు. ముసుగులు, పెద్ద బొమ్మల వేషాలు రెండు మూడేళ్ళవాళ్ళను భయపెడతాయి. వేషగాళ్ళను దూరంగా నిలబెట్టి, పిల్లలు తమంతట దగ్గరికి వెళ్ళేదాకా ఆగాలి.

ప్రాణం మీదికి తెచ్చే సరదాలు

ఇక్కడ ఏ మినహాయింపూ లేదు. పగిలిన బెలూన్ ముక్క పసిపిల్ల గొంతులోకి పోతే సులువుగా రాదు. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం బెలూన్ల పొట్లం మీద, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ఊదని, పగిలిన బెలూన్లతో ఊపిరాడని ప్రమాదం ఉందన్న హెచ్చరిక ముద్రించాలి. బెలూన్ పగలగొట్టే ఆటలు చిన్నవాళ్ళకు వద్దు; పగిలినవాటిని వెంటనే ఏరేయాలి. గాల్లోకి ఎగిరే బెలూన్లలో హైడ్రోజన్ నింపి ఉంటే కొవ్వొత్తి దగ్గర పేలి మంటలొస్తాయి. స్నో స్ప్రేలో మండే వాయువు ఉంటుంది. కొవ్వొత్తి వెలుగుతుండగా దాన్ని చల్లడం నిప్పుతో చెలగాటమే. లైట్లు వెలిగే చవక బొమ్మల్లోని గుండీ బ్యాటరీని పిల్ల మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల తీవ్రంగా కాలిపోతుంది. నిమిషం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

నాలుగేళ్ళలోపు వాళ్ళకు గుండ్రటి ద్రాక్షపళ్ళు, వేరుశనగలు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు ఇవ్వకూడదు. భోగిపళ్ళ దగ్గర కూడా ఈ జాగ్రత్త కావాలి. రేగుపండు గింజ, రూపాయి నాణెం, శనగ మూడూ పసిపిల్లల గొంతుకు అడ్డుపడేవే. పిల్ల తలమీద గుప్పెడు పోయండి, కళ్ళలో పడకుండా చూడండి, కిందపడ్డవి ఏడాది పిల్ల నోట్లో పెట్టుకోకముందే ఎత్తేయండి. పండగను మానక్కర్లేదు, పక్కన ఒకరు కన్నేసి ఉంటే చాలు.

ఒక వేడుకకు నమూనా

నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలు పది పన్నెండుమంది వచ్చే వేడుకకు రెండు గంటలు చాలు. నిద్ర లేచాక, సాయంత్రం నాలుగున్నరకు పెట్టుకోండి. పిల్లలు ఒక్కొక్కరే వస్తారు కాబట్టి మొదటి ఇరవై నిమిషాలు ఎప్పుడైనా చేరగలిగే పని ఉండాలి: గోడకు అంటించిన పొడవాటి కాగితం మీద అందరూ కలిసి రంగులు వేయడం, లేదా పిండిముద్దతో బొమ్మలు చేయడం. అందరూ చేరాక రైలుబండిలా ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని ఇల్లంతా తిరగడం, తర్వాత వీరీవీరీ గుమ్మడిపండు. పేర్లు తెలుసుకోవడానికి దీన్ని మించింది లేదు. అప్పుడు ఒంటికి పని చెప్పే ఆట ఒకటి, నాలుగు స్తంభాలాటో నేలాబండానో; హాలులో స్తంభాలు లేకపోతే దుప్పటి ముక్కలు పరచండి. ఆయాసం తగ్గడానికి నీళ్ళు, కింద కూర్చుని ఒక కథ. ఆ తర్వాత అందరూ కలిసి వెతికే నిధి వేట. దొరికినదాన్ని అందరూ పంచుకోవాలి. చివరగా కేకు, తిండి. కేకును చివర పెట్టడం వల్ల పిల్లల ఉత్సాహం ఆటలో ఖర్చవుతుంది, తిన్నాక ఇంటికి బయల్దేరుతారు.

వినికిడి లేని పిల్ల వస్తే పాట ఆగడానికి బదులు అందరికీ రంగుజెండా చూపించండి. వీల్‌చైర్‌లో ఉన్న పిల్లకు స్తంభాల మధ్య దూరం, దారి సర్దండి. శబ్దం భరించలేని పిల్లకోసం ఒక గదిలో దిండ్లు వేసి ఉంచండి, స్పీకర్ తగ్గించండి. ఈ మార్పులు ఆ ఒక్క పిల్లకోసం చేసినా, అక్కడున్న పిల్లలందరికీ ఆట తేలికవుతుంది.

ఇక చేయవలసింది

ఆడుకోవడం పిల్లల హక్కు అని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణ చెబుతోంది. భారతదేశం 1992లో దానికి అంగీకారం తెలిపింది. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ళ చదువుకు ఆటనే ప్రధాన మార్గంగా పెట్టింది. మరుసటి ఏడు ‘జాదూయీ పిటారా’ పేరుతో ఆటవస్తువుల పెట్టె కూడా విడుదలైంది. బడి ఆట వైపు అడుగేస్తున్న ఈ రోజుల్లో, పూర్తిగా ఆటకే కేటాయించిన రెండు గంటల వేడుకను పరీక్షగా మార్చుకోవడం అన్యాయం.

మార్చడం కష్టమేమీ కాదు, ఖర్చు అసలే లేదు. అంగన్‌వాడీ టీచర్లు, ప్లేస్కూళ్ళు నడిపేవాళ్ళు, ఈవెంట్లవాళ్ళు తమ జాబితాలో ‘ఔట్’ ఉన్న ప్రతి ఆట పక్కనా ఓడినవాళ్ళు ఏం చేయాలో రాసుకుంటే సగం పని అయిపోతుంది. అమ్మానాన్నలు ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడు ధరతో పాటు ఆ సంగతి కూడా అడగాలి. ఇంట్లో అమ్మమ్మో మేనత్తో ఉంటే, వేడుకకు వారం ముందే ఆమెను కూర్చోబెట్టి మూడు ఆటలు నియమాలతో సహా నేర్చుకుని, ఆ రోజు నడిపించే బాధ్యత ఇంటి పెద్దపిల్లలకు అప్పగించాలి. పదేళ్ళ పిల్లలకు ఆ పని ఎంతో గర్వం. వాళ్ళు ఒకసారి నేర్పితే వచ్చిన పిల్లలు తమ అపార్ట్‌మెంటు కింద, బడి విరామంలో మళ్ళీ ఆడుకుంటారు. అప్పుడు ఆ ఆటలకు వేడుకతోనూ పని ఉండదు, మనతోనూ ఉండదు.